దీపం కింద నిప్పు

2020 జనవరి 27, సోమవారం. ఆస్ట్రేలియా డే ఆదివారం పడటంతో సెలవును సోమవారానికి జరిపారు. రాజధాని కాన్‌బెర్రాలో ఆఫీసులు లేవు. సెలవు కళ మాత్రం ఎవరి ముఖంలోనూ లేదు. అక్కడ జనవరి అంటే నడివేసవి. నెల దాటి ఊరంతా పొగ పీలుస్తోంది. కొత్త సంవత్సరం తొలిరోజున ప్రపంచ నగరాలన్నిటిలోకీ చెడ్డ గాలి ఆ ఊళ్లోనే నమోదైంది. 4వ తేదీన ఎండ 44 డిగ్రీలకు చేరింది. 20న వడగళ్ల వాన కార్ల అద్దాలు పగలగొట్టి పోయింది. 23న విమానాశ్రయం పక్కనే మంటలు లేచి రాకపోకలు నిలిపేశారు. అదే రోజు దక్షిణాన కూమా పట్నం దగ్గర, మంటల మీద మందు చల్లడానికి వెళ్లిన సీ-130 విమానం కూలి, అందులో ఉన్న ముగ్గురు అమెరికన్లు చనిపోయారు.

ఇంత జరిగినా కాన్‌బెర్రా వాళ్ల సొంత అడవిని మాత్రం పెద్ద మంట ఇంకా తాకలేదు. ఆ అడవి పేరు నమాడ్జి జాతీయ ఉద్యానం. లక్ష హెక్టార్లకు పైబడిన గ్రానైట్ కొండలు, యూకలిప్టస్ చెట్లు, నడుమ గడ్డి లోయలు. రాజధాని ప్రాంతంలో దాదాపు సగం ఇదే. సరిహద్దుకు అవతల న్యూ సౌత్ వేల్స్‌లో అడామినబీ మంటలు చెలరేగుతున్నాయి. గాలి ఇటు తిరిగితే అవి నమాడ్జిలోకి దిగడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే మంట రాకముందే, అడవి లోపల హెలికాప్టర్ ఎక్కడెక్కడ దిగగలదో చూసి పెట్టుకోవాలనుకున్నారు. రోడ్డు లేని చోట మనుషుల్ని దించాలంటే వేరే దారి లేదు మరి.

ఆ పని మీద ఎగిరింది సైన్యానికి చెందిన హెలికాప్టర్. రకం ఎంఆర్‌హెచ్-90, ఐరోపా తయారీ. ఆస్ట్రేలియా దానికి పెట్టుకున్న పేరు తైపాన్. అది ఆ దేశంలోని అతి విషపు పాముల్లో ఒకటి. ఆ రోజు రేడియోలో దాని పిలుపు పేరు ఏంజెల్ 21. పాము పేరూ దేవదూత పేరూ ఒకే యంత్రానికి తగలడం ఈ కథ కోసం కల్పించింది కాదు, రికార్డుల్లో అలాగే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. హెలికాప్టర్ ఒరోరల్ లోయ మీదికి వచ్చింది.

ఆ లోయ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. కాన్‌బెర్రాకు దక్షిణాన ఉన్న ఈ చోటికి ఊరివాళ్లు వారాంతాల్లో కంగారూలను చూడటానికి వెళ్తారు. పందొమ్మిదో శతాబ్దం నాటి పాత చెక్క ఇల్లు ఒకటి అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది. 1965 నుంచి 1985 దాకా ఈ లోయలోనే నాసా కేంద్రం ఒకటి ఉపగ్రహాలను వెంబడించేది. ఇదే అడవిలో ఇంకో చోట హనీసకుల్ క్రీక్ అనే కేంద్రం ఉండేది. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అడుగు పెట్టిన బొమ్మను ప్రపంచం టీవీల్లో చూసింది ఆ కేంద్రం అందుకున్న సంకేతాల వల్లే. చంద్రుడి మీది కబురు క్షణాల్లో లోకానికి అందించిన కొండలివి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

లోయ అడుగున చదునైన గడ్డి మైదానం. ఏళ్ల తరబడి వానల్లేక గడ్డి వేర్ల దాకా ఎండిపోయింది. హెలికాప్టర్ సిబ్బంది కాలకృత్యాలు తీర్చుకోవడానికి కాసేపు అక్కడ దిగాలనుకున్నారు. గంటల తరబడి గాలిలో తిరిగేవాళ్లకు ఇది మామూలే. సుమారు 1.38కి యంత్రం నేలకు దిగుతోంది.

తైపాన్ కడుపు కింద ల్యాండింగ్ లైటు ఉంటుంది. రాత్రి పూట నేల కనపడటానికి పెట్టిందే అయినా, పగలు కూడా లైటు వేసుకుని ఎగరడం విమానాల వాళ్లకు అలవాటు. పొగలో, మబ్బులో అవతలి విమానానికి మన ఉనికి తెలియాలి కదా. ఆ లైటు వెలుగుతూనే ఉంది. తారు రోడ్డు మీదో కాంక్రీటు మీదో దిగితే దానితో ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ కింద ఉన్నది ఎండుగడ్డి. యంత్రం బరువుకు చక్రాలు గడ్డిలోకి దిగబడ్డాయి, కడుపు నేలకు దగ్గరైంది. వెలుగుతో పాటు భగభగలాడే వేడిని కక్కే ఆ అద్దం గడ్డి పోచలకు ఆనుకునేంత కిందికి వచ్చింది. ఇస్త్రీ పెట్టెను చొక్కా మీద మరచిపోతే ఏమవుతుందో అదే అయింది. అయితే ఇస్త్రీ పెట్టెకు పైన పంకా ఉండదు. ఇక్కడ పది టన్నుల యంత్రాన్ని గాలిలో నిలబెట్టగల రెక్కలు నెత్తిన తిరుగుతున్నాయి. అవి కిందికి తోసే గాలి అంతా ఆ నిప్పుకే అందింది.

పొగ కనపడింది. వెంటనే మంట. ఇక ఆగే వ్యవధి లేదు. గడ్డి మంట మధ్యలో ఇంధనం నిండిన హెలికాప్టర్‌తో ఎవరూ కూర్చోరు. పైలెట్లు యంత్రాన్ని పైకి లేపారు. లేచేటప్పుడు రెక్కల గాలి ఇంకా బలంగా కొడుతుంది. కింద నిప్పు నాలుగు వైపులా పాకింది.

ఇంతవరకూ ఇది ప్రమాదం. ఎవరూ కోరుకున్నది కాదు. మన పల్లెల్లో వరిగడ్డి లారీకి కరెంటు తీగ తగిలి తగలబడితే డ్రైవర్‌ను మనం హంతకుడనం. ఈ కథలో ఆస్ట్రేలియా వాళ్లు ఏళ్ల తరబడి తేల్చుకోవాలని చూసింది దీని తరువాతి ముప్పావు గంటను.

పైలెట్లకు మొదటి రోజు నుంచీ నేర్పే వరస ఒకటుంది. ముందు యంత్రాన్ని గాలిలో నిలబెట్టు. తర్వాత దారి చూసుకో. ఆ తర్వాతే మాట్లాడు. ఆపదలో మాటలకు పోయి అదుపు తప్పి కూలినవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి పుట్టిన వరస అది. తప్పు పట్టడానికి లేదు. ఏంజెల్ 21లో ఉన్నవాళ్లు కడుపు కింద మంట చూసి వచ్చారు. యంత్రం ఏ స్థితిలో ఉందో, తిరిగి చేరుతుందో లేదో అన్న బెంగ వాళ్లది. మొదటి రెండు మెట్లూ సరిగానే దాటారు. హెలికాప్టర్ క్షేమంగా కాన్‌బెర్రా విమానాశ్రయానికి చేరింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మూడో మెట్టు దగ్గరే ఆలస్యమైంది. మంట కచ్చితంగా ఎక్కడ మొదలైందన్న కబురు రాజధాని ప్రాంత అత్యవసర సేవల సంస్థకు చేరేసరికి 45 నిమిషాలు గడిచాయి.

ఆ 45 నిమిషాల్లో నేల మీద జరిగింది చూడండి. దక్షిణ కొండల్లో కొత్తగా పొగ లేచింది. రాజధాని చుట్టూ కొండల మీద నిఘా గోపురాలున్నాయి. వేసవి నెలల్లో అక్కడ మనిషి కూర్చుని రోజంతా దిగంతాన్ని చూస్తూ ఉంటాడు. పొగ కనపడితే దాని దిక్కు కొలుస్తాడు. ఇంకో గోపురం నుంచి ఇంకొకరు కొలుస్తారు. రెండు గీతలు పటం మీద కలిసిన చోట మంట ఉందని లెక్క. వందేళ్ల నాటి ఈ పద్ధతి ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది, కాకపోతే కొండల వెనక లోయలో మంట ఉంటే పొగ తలే కనపడుతుంది, మొదలు కనపడదు. అలా కింద మనుషులు పొగను చూసి చోటు వెతుక్కుంటూ ఉంటే, ఆ చోటు అంగుళాలతో సహా తెలిసిన మనుషులు ఆకాశంలో ఉన్నారు. వాళ్ల దగ్గర రేడియో ఉంది, ఉపగ్రహాలతో మాట్లాడే పటం ఉంది. చంద్రుడి మీది మనిషి మాటలను 1969లో పట్టుకున్న కొండల మీదుగానే వాళ్లు ఎగురుతూ వచ్చారు.

ముప్పావు గంట ముందు తెలిసి ఉంటే మంట ఆగిపోయేదా? ఆ గాలిలో, ఆ గడ్డిలో, నేనైతే అంత పందెం కాయను. కాన్‌బెర్రా వాళ్లు మాత్రం ఆ ముప్పావు గంటను అంత తేలిగ్గా వదలలేకపోయారు. దానికి కారణం 2003.

ఆ ఏడాది జనవరి 8న పిడుగులు పడి ఇవే కొండల్లో మంటలు అంటుకున్నాయి. మొదటి రాత్రి వాటిని గట్టిగా ఎదుర్కోలేదు. పదిరోజులకు, జనవరి 18 శనివారం నాడు, అవన్నీ కలిసి ఊరి మీద పడ్డాయి. నలుగురు చనిపోయారు. దాదాపు 500 ఇళ్లు కాలిపోయాయి. స్ట్రోమ్లో కొండ మీది ప్రఖ్యాత ఖగోళ వేధశాల దూరదర్శినులతో సహా బూడిదైంది. తర్వాత విచారణ న్యాయాధికారి (కరోనర్) మరియా డూగన్ జరిపిన విచారణలో పదేపదే వచ్చిన మాట ఒకటే: తొలి గంటల్లో చేయాల్సింది చేయలేదు. అందుకే కాన్‌బెర్రాలో మధ్యవయసు దాటిన ఎవరినైనా అడగండి, మంటలో మొదటి గంట విలువ ఎంతో అగ్నిమాపక దళం వాళ్లతో సమానంగా చెప్తారు.

ఇక్కడ కథను కాసేపు ఆపి, సైన్యం హెలికాప్టర్లు అడవి మంటల్లోకి ఎలా వచ్చాయో చెప్తాను. ఎందుకంటే మనకు హెలికాప్టర్ అంటే ఆపద్బాంధవుడే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మేడల మీది జనం తలెత్తి చూసింది దాని కోసమే. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం అడవి అంటుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్లు కుమ్మరించాయి. సైన్యం వచ్చిందంటే ఇక గండం గడిచినట్టేనని జనం నమ్ముతారు. ఆ నమ్మకంలో ఒక చిక్కు ఉంది.

అడవి మంటలకు పనికొచ్చే భారీ హెలికాప్టర్లలో ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పేరున్నది ఎల్విస్. రకం ఎరిక్సన్ ఎయిర్‌క్రేన్. పుట్టుకతో అది యుద్ధయంత్రమే. సికోర్‌స్కీ కంపెనీ అమెరికా సైన్యం కోసం చేసిన సీహెచ్-54. మిడతకు పొట్ట తీసేసి కాళ్లూ వెన్నూ మిగిల్చిన ఆకారం. సామాను లోపల పెట్టుకోదు, కింద తగిలించుకుంటుంది. వియత్నాంలో కూలిన విమానాలను ఎత్తుకొచ్చేది, ఫిరంగులు మోసేది, అడవిలో హెలికాప్టర్లు దిగడానికి చోటు చేయాలని పదివేల పౌన్ల బాంబులను కూడా జారవిడిచేది. అడవిని పేల్చి చదును చేసిన యంత్రమే తరువాతి కాలంలో అడవిని కాపాడే పనిలో చేరింది. ఒరెగాన్‌కు చెందిన ఎరిక్సన్ కంపెనీ 1992లో దాని తయారీ హక్కులు కొనుక్కుని, పొట్ట ఉండాల్సిన చోట నీళ్ల ట్యాంకు బిగించింది. దాదాపు పదివేల లీటర్లు పడతాయి. కింద వేలాడే లావుపాటి గొట్టాన్ని చెరువులో ముంచి ఎగురుతూనే నీళ్లు లాక్కుంటుంది. నిండటానికి ముప్పావు నిమిషం చాలు. మన ఊళ్లో నీళ్ల ట్యాంకరు గొట్టం బిగించేలోగా అది రెండుసార్లు నింపుకుని పోతుంది.

2001 క్రిస్మస్ మంటల్లో సిడ్నీ శివార్లలో సుమారు 300 ఇళ్లను, మంటల మధ్య చిక్కిన 14 మంది అగ్నిమాపక సిబ్బందిని ఎల్విస్ కాపాడిందని చెప్పుకుంటారు. దానికి తోడుగా జార్జియా పీచ్, ఇన్‌క్రెడిబుల్ హల్క్ అనే మరో రెండు ఎయిర్‌క్రేన్లను అమెరికా నుంచి తెప్పించారు. సినిమా హీరోకు ఉన్నంత పేరు వచ్చింది వాటికి.

అలాంటి యంత్రానికి కూడా గండాలు తప్పలేదు. ఒరోరల్ ఘటనకు సరిగ్గా ఒక్క రోజు తక్కువ ఏడాది ముందు, 2019 జనవరి 28న, విక్టోరియా రాష్ట్రపు కొండల్లో నీళ్లు తోడుకోబోయిన ఎయిర్‌క్రేన్ ఒకటి ఆ నీళ్లలోనే పడిపోయింది. దిగేటప్పుడు తన రెక్కలు తోసిన గాలిలోనే తను పట్టు తప్పే పరిస్థితి వచ్చిందని దర్యాప్తులో తేలింది. లోపలి ముగ్గురూ నీళ్లలోంచి బయటపడి ఒడ్డుకు చేరారు. బరువు ఎత్తగల బలమే ఇక్కడ ముప్పు కూడా.

ఎల్విస్‌కూ ఏంజెల్ 21కీ తేడా చేసే పనిలో ఉంది. ఎయిర్‌క్రేన్ నడిపేవాళ్లకు మంటే జీవనం. ఒక వేసవి ఉత్తరార్ధగోళంలో, ఇంకో వేసవి దక్షిణార్ధగోళంలో, ఏటా అదే పని. ఎండుగడ్డి వాసన తెలిసినవాళ్లు. ఆస్ట్రేలియా సైన్యం హెలికాప్టర్లు ఆ వేసవిలో వచ్చింది ఇంకో పనికి. మంట మీద నీళ్లు పోయడం వాటి బాధ్యత కాదు, అందుకు తగ్గ సరంజామా కూడా వాటికి లేదు. మనుషుల్ని, సామాన్లను చేరవేయడం, పై నుంచి చూసి చెప్పడం వాటి పని. ఆ పని అవి గొప్పగా చేశాయి కూడా. రెండు రెక్కల చక్రాలున్న చినూక్‌లు, అంటే అసలైన బరువులెత్తే జాతి, విక్టోరియా కొండల్లో ఒమియో లాంటి చోట్ల చిక్కుకున్న జనాన్ని తరలించాయి. క్వీన్స్‌లాండ్‌లోని ఓకీలో శిక్షణకు ఉంచిన తన చినూక్‌లలో రెండింటిని సింగపూర్ సాయంగా పంపింది. విక్టోరియాలోని మలకూటా తీరంలో ఎర్రటి ఆకాశం కింద వేలమంది సముద్రపు ఒడ్డున నిలబడితే మాత్రం పొగ వల్ల హెలికాప్టర్లు సరిగా ఎగరలేకపోయాయి. నౌకాదళం ఓడ ఛౌల్స్ వెళ్లి, మొదటి విడతలోనే వెయ్యికి కాస్త తక్కువ మందిని ఎక్కించుకుంది. జనవరి 4న ప్రభుత్వం మూడువేల మంది రిజర్వు సైనికులను పిలిచింది. ఈ మొత్తం సహాయానికి ఆపరేషన్ బుష్‌ఫైర్ అసిస్ట్ అని పేరు. ఏంజెల్ 21 ఎగిరింది కూడా ఆ రోజుల్లోనే, సాయం చేయడానికే.

మళ్లీ లోయకు వద్దాం.

కబురు అందేసరికి మంట గడ్డి దాటి కొండ ఎక్కేసింది. కొండ ఎక్కే మంట నేల మీది మంటకన్నా ఎంతో వేగం. పై వాలులో ఉన్న చెట్టును కింది మంట ముందే వేడెక్కించి, ఎండబెట్టి సిద్ధం చేస్తుంది. దానికి తోడు యూకలిప్టస్. ఆకుల్లో నూనె, కాండం మీద వేలాడే ఎండు బెరడు. ఆ బెరడు ముక్కలు అంటుకుని గాలిలో లేచి, మంట కన్నా ముందుగా కిలోమీటర్ల దూరంలో పడి కొత్త మంటలు పుట్టిస్తాయి. గీత గీసి ఇక్కడ ఆపుతామంటే, అది ఆ గీత మీదుగా దూకి అవతల మొదలవుతుంది.

హెలికాప్టర్లు, విమానాలు వచ్చాయి. డీసీ-10, మనం ఒకప్పుడు ప్రయాణికుల విమానంగా ఎరిగినదే, కడుపు నిండా ఎర్రటి మందు నింపుకుని కాన్‌బెర్రా దక్షిణాన టగ్గరనాంగ్ శివార్ల కొండల మీద ఇళ్ల పైకప్పులకు దగ్గరగా ఎగురుతూ గీతలు గీసింది. నేల మీద మనుషులు చేసేది వేరే పని. అడవిలోకి నడిచి వెళ్లే బృందాల దగ్గర నీళ్లుండవు. ఒకవైపు పార, ఇంకోవైపు పళ్లు ఉన్న పొడుగు కర్ర పనిముట్టుతో ఆకు, గడ్డి, వేరు అన్నీ గీకి మట్టి తేలే దాకా బాట తీస్తారు. మంటకు తినడానికి ఏమీ మిగలకుండా చేయడమే ఎత్తు. ఆకాశం నుంచి ఎన్ని వేల లీటర్లు పోసినా చివరికి మంటను చంపేది ఈ గీకుడే అని ఆ వృత్తిలో ఉన్నవాళ్లు అంటారు. నీళ్లు మంట జోరు తగ్గించి, వాళ్లకు కాస్త గడువు ఇస్తాయి. ఒరోరల్ కొండల్లో ఈ గీకుడు సాగలేదు. నిటారు వాలు, ఏనుగులంత బండలు, మనిషి నిలబడటానికే చోటు లేదు. దించుదామంటే హెలికాప్టర్ దిగే చోట్లు కావాలి. వాటిని వెతకడానికి వెళ్లిన హెలికాప్టరే ఈ మంటకు మూలం. మన సామెతలో కంచె చేను మేసిందంటే కంచెకు దురుద్దేశం ఉన్నట్టు ధ్వనిస్తుంది. ఇక్కడ దురుద్దేశం లేదు. అందుకే ఇది ఇంకా మింగుడుపడని సంగతి అయింది.

మంట పుట్టించింది తమ హెలికాప్టర్ లైటేనన్న సంగతిని సైన్యం దాచలేదు. మరుసటి రోజే బయటికి వచ్చింది. అప్పటికి తార్వా అనే చిన్న పల్లెకు, టగ్గరనాంగ్ దక్షిణ వీధులకు హెచ్చరికలు వెళ్లాయి. రాత్రిళ్లు శివార్ల జనం ఇళ్ల ముందు కుర్చీలు వేసుకుని కొండ శిఖరాల వెంట ఎర్రటి గీత జరుగుతూ ఉండటం చూశారు. 2003 చూసినవాళ్లు కార్లలో కాగితాలు, మందులు, ఫొటోలు సర్ది పెట్టుకున్నారు. అదే ఊరికి పిల్లల్ని చదువులకు పంపిన మన తెలుగు తల్లిదండ్రులకు ఆ వారం నిద్ర ఉండి ఉండదు. టీవీ తెర మీద మంట ఎప్పుడూ ఉన్నదానికన్నా దగ్గరగా కనపడుతుంది.

జనవరి 31న రాజధాని ప్రాంత ముఖ్యమంత్రి ఆండ్రూ బార్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 2003 తరువాత అదే మొదటిసారి. అత్యవసర సేవల కమిషనర్ జార్జీనా వీలన్ రోజుకు ఎన్నోసార్లు మైకు ముందుకు వచ్చి గాలి ఎటు తిరుగుతోందో చెప్పేవారు. ఆమె అంతకు ముందు సైన్యంలో ఉన్నతాధికారి. సైన్యం వల్ల పుట్టిన మంట సైన్యం నుంచి వచ్చిన మనిషి చేతికే పడింది.

ఫిబ్రవరి 1, శనివారం. ఎండ మళ్లీ 40 దాటింది. కాన్‌బెర్రా ఊపిరి బిగబట్టి చూసింది. మంట ఊరివైపు రాలేదు. దక్షిణానికి, తూర్పుకు తిరిగి రాష్ట్ర సరిహద్దు దాటి న్యూ సౌత్ వేల్స్‌లోకి దిగింది. సరిహద్దు దాటగానే దాని పేరు మారింది, అక్కడి లెక్కల్లో అది క్లియర్ రేంజ్ మంట. బ్రెడ్బో దగ్గర బంబలాంగ్ అనే చిన్న లోయ ఉంది. ముర్రంబిడ్జీ నది పక్కన చెదురుమదురు ఇళ్లు. ఆ సాయంత్రం అక్కడ ఇళ్లు కాలిపోయాయి. రాజధాని మీద కెమెరాలన్నీ ఉన్నాయి, ఊరు గట్టెక్కిందన్న వార్త ఆ రాత్రి అన్ని ఛానళ్లలోనూ మోగింది. బంబలాంగ్ పేరు చాలామంది విన్నది ఆ తరువాతే. మహానగరం పక్కన చిన్న ఊరుగా పుట్టడం ఎక్కడైనా ఇంతే.

ఫిబ్రవరి రెండో వారంలో తూర్పు తీరమంతా వానలు కురిశాయి. అప్పటికి గాని మంట లొంగలేదు. ఆరిపోయిందని ఫిబ్రవరి 27న ప్రకటించారు, అంటే అంటుకున్న రోజుకు సరిగ్గా నెల. ఎనభైవేల హెక్టార్లకు పైగా కాలింది. నమాడ్జి ఉద్యానంలో నూటికి 80 పాళ్లు పోయింది. పాత కాపరుల గుడిసెలు కొన్ని పోయాయి. ఒరోరల్ లోయలోని పాత చెక్క ఇల్లు మాత్రం నిలిచింది. ఈ మంటలో మనిషి ప్రాణం పోలేదు. దేశం మొత్తం మీద ఆ వేసవి మంటల్లో నేరుగా 33 మంది చనిపోయారు, మూడువేలకు పైగా ఇళ్లు కాలిపోయాయి.

తర్వాత విచారణలు. దేశవ్యాప్త మంటల మీద వేసిన రాయల్ కమిషన్‌కు అధ్యక్షుడు మార్క్ బిన్‌స్కిన్, రక్షణ దళాల మాజీ అధిపతి, తానే యుద్ధ విమానాలు నడిపినవాడు. విదేశాల నుంచి అద్దెకు తెచ్చుకునే ఎయిర్‌క్రేన్ల మీద, ట్యాంకర్ల మీద ఆధారపడటం తగ్గించి, మంటలార్పే విమానాల సొంత బలం పెంచుకోవాలని ఆ కమిషన్ చెప్పింది. యుద్ధ విమానాలు నడిపిన మనిషి నోటి నుంచే ఈ మాట రావడం నాకు నచ్చింది. సైన్యాన్ని పిలిస్తే చాలనే ధీమా ఆయనకు లేదు.

ఒరోరల్ మంట మీద విడిగా రాజధాని ప్రాంత ప్రధాన కరోనర్ లొరైన్ వాకర్ విచారణ జరిపారు. సిబ్బంది పేర్లు బయటపెట్టలేదు. పెట్టకపోవడమే సరి అనిపిస్తుంది. ఆ లైటు స్విచ్చి మీద చెయ్యి ఉన్న మనిషి ఎవరో తెలిసినంత మాత్రాన బంబలాంగ్‌లో ఇల్లు లేవదు. అక్కడ నలిగిన ప్రశ్నలు వేరు. పగలు ఎండుగడ్డి మీద దిగేటప్పుడు ఆ లైటు ఎందుకు వెలుగుతోంది? అది గడ్డిని అంటిస్తుందని తెలిసి ఉండాల్సిన వాళ్లెవరు? మంట లేచాక చోటు చెప్పడానికి అంతసేపు ఎందుకు పట్టింది? చివరి ప్రశ్నే అన్నిటికన్నా ఎక్కువగా నలిగింది. యంత్రం ఆపదలో ఉందన్న జవాబును అర్థం చేసుకోగలం. ఒక్క వాక్యం, అక్షాంశం, రేఖాంశం, చెప్పడానికి పది సెకన్లు పట్టదన్న ఎదురు ప్రశ్నను కూడా అర్థం చేసుకోగలం. నా మటుకు నేను రెండో వైపే మొగ్గుతాను. మంటను ఆర్పే పనిలోకి ఎవరు వచ్చినా, సైన్యమైనా అద్దె కంపెనీ అయినా, వాళ్ల చెవిలోనూ నోటిలోనూ అగ్నిమాపక దళం రేడియో మోగుతూ ఉండాలి. సైన్యం రేడియో సైన్యంతోనూ, మంటల దళం రేడియో తమలో తామూ మాట్లాడుకుంటే, పది టన్నుల బలమున్నా ముప్పావు గంట మూగగానే గడుస్తుంది.

తైపాన్ల కథ ఆ తర్వాత ఎంతోకాలం సాగలేదు. ఆస్ట్రేలియా వాటిని 47 కొన్నది, మొదటి నుంచీ మరమ్మతుల గోలే. 2023 జులై 28 రాత్రి, క్వీన్స్‌లాండ్ తీరంలో లిండెమన్ ద్వీపం దగ్గర యుద్ధ విన్యాసాల్లో ఒకటి సముద్రంలో కూలి నలుగురు సైనికులు చనిపోయారు. రెండు నెలలకే మిగతావాటన్నిటినీ సేవ నుంచి తప్పించారు. వాటి చోటు బ్లాక్ హాక్‌లకు వెళ్లింది. ఉక్రెయిన్ ఆ తైపాన్లను తమకిమ్మని అడిగింది. అప్పటికే విడగొట్టడం మొదలైందని, ఇవ్వలేమని ఆస్ట్రేలియా చెప్పేసింది.